సోమవారం నాకు మిషన్ ఉంటదా

డయాలసిస్ వార్డులో నర్సుకీ రోగికీ మధ్య ఏర్పడే చనువు మిగతా వార్డుల్లో ఉండదు. జ్వరమొచ్చినవాడు తగ్గగానే వెళ్ళిపోతాడు. కాన్పుకొచ్చినావిడ పిల్లనెత్తుకుని వెళ్ళిపోతుంది. కిడ్నీలు పోయినవాడు మాత్రం వారానికి మూడుసార్లు, బతికినన్నాళ్ళూ వస్తూనే ఉంటాడు. వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషన్ పక్కన కదలకుండా పడుకోవాలి. ఏం చేస్తాడు, మాట్లాడతాడు. మా ఇంటి గొడవలు వాళ్ళకి తెలుస్తాయి, వాళ్ళ ఇంటివి మాకు తెలుస్తాయి. ఒక మంచం ఖాళీగా కనపడిందంటే ఎవరో పోయారని వార్డులో అందరికీ తెలిసిపోతుంది.

దుబాయ్‌లో అలాంటి వార్డులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరై వచ్చేశాను. ఇప్పుడు మా కోనసీమలో నర్సింగ్ చదువుకున్న అమ్మాయిలు ఆ దేశం వెళ్ళేముందు నన్ను కలవడానికొస్తారు. పరీక్ష కష్టమా, రూములెలా ఉంటాయి, ఎండ ఎలా ఉంటుంది అని అడుగుతారు. ఓపిగ్గా చెబుతాను. నేను రాయబోయేది మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఎదురుగా కూర్చుని చెప్పగలిగేదాన్ని కూడా కాదేమో.

మా వార్డులో చివరి మంచం గోడవారగా ఉండేది. దానికొక తెర. జైలు నుంచి వచ్చే రోగుల్ని అక్కడే పడుకోబెట్టేవాళ్ళు. కాపలా పోలీసు ఒకాయన కుర్చీ వేసుకుని పక్కన కూర్చునేవాడు. రోగి ఒక కాలికి గొలుసు, ఆ గొలుసు మంచం కమ్మీకి. మొదట్లో కొత్త నర్సులు ఆ గొలుసు వంకే చూస్తారు. తర్వాత దాన్ని కూడా సెలైన్ స్టాండులాగే వస్తువుల్లో ఒకటిగా చూడ్డం అలవాటైపోతుంది. మా హెడ్ నర్సు మలయాళీ ఆవిడ, అందరం చేచీ, అంటే అక్కా, అనేవాళ్ళం. ఆవిడ కొత్తవాళ్ళకి మొదటిరోజే ఒకటి చెప్పేది: “ఏం తప్పు చేశావని ఆ మంచం మీదున్న మనిషిని అడక్కండి. మనకి వాడి బరువెంత, బీపీ ఎంత, అంతవరకే.”

కరోనా కాస్త తగ్గి, ముసుగులు ఇంకా తియ్యని రోజుల్లో ఆ మంచం మీదకి ఒకతను వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చేతిలో సూది గుచ్చుతుంటే పళ్ళు బిగించి “అవ్వా” అన్నాడు. ఆ ఒక్క మాటతో నా చెయ్యి ఆగింది.

“తెలుగా బాబూ నువ్వు?” అన్నాను.

అతను తల తిప్పి నా ముసుగు వంక చూశాడు. కళ్ళు నిండిపోయాయి. “జగిత్యాల దిక్కు సిస్టరమ్మా. మీరు?”

“గోదావరి జిల్లా అండి.”

“నాకు అండీ ఎందుకమ్మా,” అన్నాడు. నేను సూదికి పట్టీ అంటిస్తుంటే, “మీ మాట పాట లెక్కున్నది,” అన్నాడు.

ఆ రోజు నుంచి అతని మంచం నా వంతుకే వేసేది చేచీ. అడక్కపోయినా తన సంగతి తనే చెప్పుకున్నాడు. జెబెల్ అలీలో ఫ్యాక్టరీ పని. క్యాంపులో ఒకే గదిలో ఉండే ఇంకో రాష్ట్రం మనిషితో గొడవ. మెట్లమీద తోపులాట. అవతలి మనిషి పడ్డాడు, తల పగిలింది, చనిపోయాడు. “నూకింది నేనే సిస్టరమ్మా. నూకలేదని నేను ఎన్నడు చెప్పలే, కోర్టుల గూడ. సస్తడని ఎరుకలేకుండె, గంతే.” చనిపోయినాయన ఇంటివాళ్ళు క్షమించామని రాసిచ్చారు. అయినా ప్రభుత్వం వేసే శిక్ష ప్రభుత్వానిదే కదా, అది మిగిలింది. చాలా ఏళ్ళు మిగిలింది.

కిడ్నీల సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు. క్యాంపులో ఉన్నన్నాళ్ళూ తలనొప్పి వస్తే మాత్ర మింగి డ్యూటీకెళ్ళాడు. బీపీ ఉందని ఎవరూ చెప్పలేదు, చూపించుకునే తీరికా లేదు. జైలుకెళ్ళాక అక్కడి డాక్టరు మొదటిసారి చేతికి పట్టీ చుట్టి చూశాడు. అప్పటికే కిడ్నీలు పాడైపోయాయి. “బయటున్నప్పుడు నన్ను ఎవ్వడు అడగలే. లోపలికి వోయినంక అందరు అడుగుతాన్రు. నీళ్ళెన్ని తాగినవ్, ఉచ్చ అయిందా అని,” అని నవ్వేవాడు. అతని కాపలా పోలీసు యెమెన్ ముసలాయన. భాష రాకపోయినా అతను నవ్వితే తనూ నవ్వేవాడు.

ఇతను మంచి రోగి. మా భాషలో మంచి రోగి అంటే నీళ్ళు లెక్కగా తాగేవాడు, అరటిపళ్ళు, ఖర్జూరాలు ముట్టనివాడు, మధ్యలో పైపులు పీకమనని వాడు. జైలువాళ్ళు ఒక్కసారి కూడా నాగా చేయకుండా తెచ్చేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి మొహంలో వాపు పోయి మనిషి నిలదొక్కుకున్నాడు. “ఇట్లనే ఉంటే ఎన్నేండ్లు బతుకుత సిస్టరమ్మా?” అని ఒకసారి అడిగాడు. ఇలాగే ఉంటే చాలా ఏళ్ళు బతుకుతావని చెప్పాను. అబద్ధం కాదు. అలా ఏళ్ళ తరబడి బతికినవాళ్ళు మా వార్డులోనే ఉన్నారు.

ఊళ్ళో అతని భార్య ఊరుకోలేదు. అక్కడి ఎంపీ ఇంటిముందు వెళ్ళి కూర్చుంది. ఒకసారి కాదు, ఆయన ఊళ్ళో ఉన్నాడని తెలిసినప్పుడల్లా. ఆ ఎంపీకి ప్రశ్నల ఎంపీ అని పేరట. ఆస్పత్రులు, పింఛన్లు, జైళ్ళు, ఇవే ఆయన పట్టుకునేవి. పార్లమెంటు జరుగుతోందంటే ఏదో ఒకదానిమీద లేచి నిలబడేవాడు. ఈ కేసు కూడా అలాగే లేవనెత్తాడు.

ఆ వీడియో మా దాకా వచ్చింది. దుబాయ్‌లోనే డేరా అనే పేటలో, వీసా కాగితాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్ నడిపే ఒకతను ఉండేవాడు, తెలుగు సంఘంలో జైలు కేసులన్నీ తనే చూసేవాడు. అందరి ఫోన్లకీ పంపాడు. పాంట్రీలో చేచీ, నేను టీ తాగుతూ చూశాం. గల్ఫ్ జైళ్ళలో మంచానపడ్డ మనవాళ్ళ వైద్యం ఎవరు చూస్తున్నారు, శిక్ష పడినవాళ్ళని స్వదేశానికి మార్చుకునే ఒప్పందం ఉండి కూడా ఎందుకు వాడుకోవడం లేదు, అని గట్టిగా అడిగాడు. మంత్రి కాగితం చూసి చదివాడు. ఒప్పందం ఉంది, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, రాష్ట్రంలో జైలు ఒప్పుకోవాలి, ఖైదీ కూడా ఒప్పుకోవాలి, ఒక్కో కేసునీ విడిగా పరిశీలిస్తాం, అని.

“మంచివాడే మీ ఎంపీ,” అంది చేచీ. నాకూ అలాగే అనిపించింది. ఇప్పటికీ ఆ మాట మార్చుకోను. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే రాయడం తేలికయ్యేది.

ఆ జవాబులో ఖైదీ ఒప్పుకోవాలన్న ముక్కని ఎంపీ గట్టిగా పట్టుకున్నారు. సంఘంవాళ్ళ సభకి దుబాయ్ వచ్చినప్పుడు అన్ని అనుమతులూ తెచ్చుకుని మా ఆస్పత్రికి వచ్చారు. ఫోటోలు తియ్యకూడదన్న షరతుమీద వార్డులోకి రానిచ్చారు. డాక్టరు నన్ను పక్కనే ఉండమన్నాడు, వైద్యం సంగతి ఏదైనా అడిగితే చెప్పడానికి.

నేను ఖద్దరు చొక్కాలు, వెనకాల పదిమంది అనుచరులు ఊహించుకున్నాను. సన్నటి మనిషి వచ్చాడు, ప్రయాణం బడలిక మొహాన కనపడుతూ. వెంట టైపింగ్ సెంటరతను ఒక్కడే. ఎంపీ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. ముందు ఇంటి సంగతులు చెప్పారు. నీ భార్య మంచిగున్నది, మీ అమ్మ మోకాళ్ళ నొప్పులంటున్నది, ఇంటి ముందర బోరింగు బాగుచేయించిన, అని. అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు. మధ్యలో మిషన్ తిరుగుతున్న చప్పుడు.

తర్వాత అసలు సంగతికొచ్చారు. “నిన్ను మన దేశం తీసుకపోతం. మిగిలిన శిక్ష మన జైల్ల. ఇంటికి దగ్గర. నీ భార్య నెలకోసారి వచ్చి చూసుకుంటది. మీ అమ్మను గూడ తోలుకొస్తది. ఇక్కడోళ్ళు సరే అన్నరు. నువ్వు ఒక్క సంతకం పెడితే మిగిలింది నేను కొట్లాడుత.”

అతను కళ్ళు తెరిచాడు. “సారూ, ఆ జైల్ల మిషన్ ఉంటదా?”

ఎంపీ తిరుగుతున్న మిషన్ వంక ఒకసారి చూశారు. “జైల్ల ఉండదు. పెద్దాస్పత్రికి తీసుకపోతరు.”

“వారానికి మూడు సార్లా?”

ఎవరైనా నాయకుడైతే ఆ, మూడుసార్లే, అనేసేవాడు. ఈయన అనలేదు. “పోలీసులు దొరికిన దినం తీసుకపోతరు,” అన్నారు. “ఖైదీని బయటికి తేవాలంటే ఎస్కార్టు కావాలె, బండి కావాలె. నేను జైలుకు పోయి చూసిన. కోర్టు వాయిదాలకే బండ్లు దొరుకుతలేవు. నీకోసం చెప్త. గట్టిగ చెప్త. కని రోజూ నేను ఉండ గదా.”

“గట్లయితే సంతకం వెట్ట సారూ,” అన్నాడు అతను. మెల్లిగానే అన్నాడు. “ఇంటి మీద పాయిరం లేక గాదు. ఇక్కడ నాకు మిషన్ ఉన్నది. ఈ అమ్మ ఉన్నది. నా శిక్ష నేను ఇక్కడ్నే జేసుకుంట.”

టైపింగ్ సెంటరతనికి కోపమొచ్చింది. “ఎంపీ సార్ ఇంత దూరం నీకోసం వస్తే…” అని మొదలుపెట్టాడు. ఎంపీ చెయ్యెత్తి ఆపారు. “ఆయన చెప్పింది కరెక్టే,” అన్నారు.

కారిడార్లోకి వచ్చాక నన్ను ఆపి, “సిస్టర్, మిషన్ ఒక్క దఫా తప్పితే ఏమైతది?” అని అడిగారు. ఒంట్లో నీరు పేరుకుంటుంది, ఊపిరి ఆడదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు, అని చెప్పాను. తలూపారు. “అడుగుడే నా నౌకరీ సిస్టర్. చేసేటిది వేరేటోళ్ళ చేతుల ఉంటది. ఇంక అడుగుత.”

అన్నట్టే అడిగారు. మన జైళ్ళలో కిడ్నీ రోగులకి ఏం ఏర్పాట్లున్నాయి, ఆస్పత్రికి తీసుకెళ్ళే బండ్లు ఎందుకు లేవు, అని. ఆ వీడియో కూడా చేచీ, నేను కలిసి చూశాం. మంత్రి లేచాడు. జైళ్ళు రాష్ట్రాల పరిధిలోవి, సమాచారం సేకరిస్తున్నాం, అన్నాడు. ఎంపీ ఇంకో మాట అడగబోతుంటే సమయం అయిపోయిందని తర్వాతి సభ్యుణ్ణి పిలిచారు. ఆయన నోరు కదులుతోంది, మైకు లేదు. మన చానెళ్ళలో ఈ రెండో ప్రశ్న ఎక్కడా రాలేదు. మొదటి ప్రశ్న మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. మొదటి వీడియో చూసి ఊళ్ళో, దుబాయ్ సంఘంలో, అందరిలోనూ కదలిక వచ్చింది. జబ్బు మనిషిని క్షమించి వదిలేయమని దుబాయ్ ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. భార్య వేలిముద్ర కాదు, కష్టపడి సంతకమే నేర్చుకుని పెట్టిందట. ఊరంతా పెట్టింది. ఎంపీ కూడా దుబాయ్ రాకముందే ఒక సిఫార్సు ఉత్తరం ఇచ్చి ఉన్నారు. అవన్నీ ఒక ఫైలై, ఆ ఫైలు తన దారిన తను నడుచుకుంటూ పోతోంది. దేశం మార్చడానికి ఖైదీ ఒప్పుకోవాలి. క్షమాభిక్ష పెట్టడానికి ఒప్పుకోనక్కర్లేదు. వద్దనేవాడు ఉంటాడని ఏ రాజ్యమైనా ఎందుకనుకుంటుంది?

సంగతి తెలిసి నేను ఎంపీగారికి ఫోన్ చేశాను. విడుదలై వెళ్తే అక్కడ ఆయనకి డయాలసిస్ ఎక్కడ, ముందు అది చూడండి సార్, లేకపోతే ఆ ఉత్తరం వెనక్కి తీసుకోండి, అన్నాను. “ఎట్ల తీసుకుంట సిస్టర్? జైలు నుంచి విడిపిస్తమంటే ఎంపీ వద్దన్నడని రాస్తరు. ఆమె మల్ల నా ఇంటి ముందట కూసుంటది. ఆమెకు ఏమని చెప్పాలె? నీ మొగడు జైల్లనే మంచిగున్నడని చెప్పాల్నా?” ఆస్పత్రి సంగతి తను చూసుకుంటానన్నారు. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా పీఏ ఎత్తి, సార్ సభలో ఉన్నారు, అనేవాడు. నిజంగానే సభలో ఉండి ఉంటారు.

ఈద్ పండగ ముందు క్షమాభిక్షతో విడుదల చేసేవాళ్ళలో అతని పేరు వచ్చింది. ఆ పొద్దున్న యెమెన్ ముసలాయన మొహం వెలిగిపోతూ వార్డులోకి వచ్చాడు. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన వంగి కాలి గొలుసు తాళం తీసేసి, దాన్ని చేతికి చుట్టుకుని, “ఖలాస్! మబ్రూక్!” అని, శిక్ష అయిపోయింది, శుభం అన్నట్టు అతని భుజం తట్టాడు. పక్క మంచాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫిలిప్పీన్స్ నర్సు పిల్ల ఒకత్తి కంటతడి పెట్టుకుంది.

అతను గొలుసు లేని కాలు వంక చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు.

“సిస్టరమ్మా, సోమవారం నాకు మిషన్ ఉంటదా?”

నేను చేచీ వంక చూశాను. ఆవిడ మొహం తిప్పుకుని ఏదో పనున్నట్టు బల్ల దగ్గరికి వెళ్ళింది. జైలు రోగి కాబట్టి జైలు పంపేది. ఇప్పుడు జైలుకి అతనితో సంబంధం లేదు. విడుదలైన పరదేశిని దేశం దాటించేదాకా ఒక చోట ఉంచి, టికెట్ దొరకగానే విమానం ఎక్కిస్తారు. మా డాక్టరు మంచివాడు. ఎవరెవరితోనో మాట్లాడి, విమానానికి ముందు ఇంకొక్కసారి చేయించాడు. అంతకంటే ఆయన చేతిలో లేదు.

ఆ చివరిసారి అతను ఎక్కువ మాట్లాడలేదు. “శిక్ష పూర్తిజేసినంకనే పోతనని రాసిస్తే ఇనరా సిస్టరమ్మా?” అని అడిగాడు. వినరు బాబూ, అన్నాను. “నా ఇంటామె సంబురపడుతాంది. ఫోన్ల ఏడ్సుకుంట నవ్వింది. నాకు నోరు రాలే,” అన్నాడు. అతను లేచి వెళ్ళేటప్పుడు చేచీ ఒక సంచిలో నెలకి సరిపడా మందులు పెట్టిచ్చింది. రిపోర్టులన్నీ పెట్టి, వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పనిసరి అని పెద్దక్షరాలతో రాసిచ్చింది.

టైపింగ్ సెంటరతనికి ఫోన్ చేస్తే, “అక్కా, మీరు పరేషాన్ కాకుండ్రి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల అంబులెన్స్ రెడీ, జనం రెడీ,” అన్నాడు. ఎంపీ పీఏకి చేస్తే, ఆస్పత్రిలో చెప్పేశాం అన్నాడు. ఏ ఆస్పత్రి, ఎవరికి చెప్పారు అంటే, జిల్లా ఆస్పత్రికి మేడం, అన్నాడు. అందరూ తలా ఒక ముక్క చేశారు. ఆ ముక్కలు కలిపి చూసేవాళ్ళు లేకపోయారు.

మర్నాడు ఫోటోలొచ్చాయి. ఎయిర్‌పోర్టు బయట అతని మెడనిండా దండలు. ఒకపక్క భార్య, ఒకపక్క ఎంపీ. భార్య అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఉంది. అందరూ అతని మొహం చూసి ఉంటారు. నేను పాదాలు చూశాను. చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. అంబులెన్స్ ఆస్పత్రికి వెళ్ళలేదు. ఊళ్ళో డప్పులు పెట్టుకుని జనం ఎదురుచూస్తున్నారని ఊరికి వెళ్ళింది.

జిల్లా ఆస్పత్రిలో మిషన్లున్నాయి. ఉన్నవాటికి మించి రోగులున్నారు. ఉచితంగా చేయాలంటే రేషన్ కార్డు చూపాలి. ఏళ్ళ తరబడి ఊళ్ళో లేడని కార్డులోంచి అతని పేరు కొట్టేశారు. మళ్ళీ ఎక్కించాలంటే అర్జీ, విచారణ. ఎంపీ తన మనిషిని పంపి, డబ్బుకి చేసే చోట కొన్నాళ్ళు చేయించారు. తర్వాత జిల్లా ఆస్పత్రిలో వారానికి రెండుసార్లు చోటు దొరికింది. రెండుసార్లే. అది కూడా మిషన్ బాగున్న వారాల్లో. పాపం, అక్కడి నర్సుల్ని నేనేమీ అనను. ఒకే వేళకి వచ్చిన ముగ్గురు మనుషులకి ఒక మిషన్ ఉంటే ఏ నర్సు అయినా ఏం చేస్తుంది?

దుబాయ్ సత్వాలో మేం నలుగురు నర్సులం కలిసి ఉండే ఫ్లాట్‌కి అతని భార్య ఫోన్లు వచ్చేవి. “ఊపిరాడ్తలేదంటాండు సిస్టరమ్మా, ఏం జెయ్యాలె?” అనేది. తల ఎత్తుగా పెట్టమ్మా, నీళ్ళు ఇవ్వకు, వెంటనే తీసుకెళ్ళు, అనేదాన్ని. “తీస్కపోతే ఎల్లుండి రమ్మన్నరు,” అనేది. ఒకసారి అతనే ఫోన్ తీసుకున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. “మంచిగున్న సిస్టరమ్మా. మీ ముసలాయనకు సలాం చెప్పుండ్రి,” అన్నాడు. యెమెన్ ఆయనకి చెప్పాను. “హమ్దులిల్లా, దేవుడి దయ, ఇంట్లో ఉన్నాడు,” అని సంతోషించాడు. ఆయనకి మిగతాది చెప్పలేదు.

చలికాలం దాటకుండానే పోయాడు. ఎంపీగారే ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఓదార్పు మాటలు చెప్పలేదు. “సమాచారం సేకరిస్తున్నమన్నరు గదా సిస్టర్, ఇంక సేకరిస్తనే ఉన్నరు,” అన్నారు. తర్వాత ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ప్రచారంలో ఆ ఎయిర్‌పోర్టు ఫోటో బ్యానర్లమీద వేశారని టైపింగ్ సెంటరతను చెప్పాడు, గొప్పగానే. ఎంపీ వద్దన్నా వేశారో, అడక్కుండా వేశారో నాకు తెలీదు. ఆ సీట్లో ఇప్పుడున్నాయన జైళ్ళ గురించి అడగ్గా నేను వినలేదు. అడిగినందువల్ల ఒక మనిషి పోయాడని మీరనుకుంటారేమో అని ఇది చెబుతున్నాను. అడిగేవాడు లేకపోతే ఎందరు పోతున్నారో అసలు తెలీదు కూడా.

రిటైరై వచ్చేశాక హైదరాబాద్‌లో మా చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఇన్నేళ్ళలో పోయిన రోగుల ఇళ్ళకి వెళ్ళే అలవాటు నాకెప్పుడూ లేదు.

భార్య బీడీలు చుడుతోంది. నన్ను ఎప్పుడూ చూడలేదు, గొంతు విని గుర్తుపట్టింది. కుర్చీ తెచ్చి వేసి, తను గుమ్మం మీద కూర్చుంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, చేతిలో ఆకు కిందపెట్టి అడిగింది.

“నిజం చెప్పుండ్రి సిస్టరమ్మా. ఆడ్నే మీ కాడ ఉంటే బతుకుతుండెనా?”

ఆయువు ఎవరి చేతిలో ఉందమ్మా, అనే మాట నోటిదాకా వచ్చింది. అలాంటి మాటలు మేం ఎన్ని చెప్పి ఉంటామో. కానీ ఆమె నన్ను చూస్తున్న తీరు చూశాక అది బయటికి రాలేదు.

“బతికేవాడమ్మా. ఇంకా కొన్నేళ్ళు.”

ఆమె ఏడవలేదు. మళ్ళీ ఆకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. “ఎంపీ సారును అడిగితే తల కిందికి ఏస్కున్నడు. అప్పుడే అనుకున్న,” అంది.

ఇంట్లో ఇంకెవరి అలికిడీ లేకపోతే, మీ అత్తగారేరీ అని అడిగాను.

“వేములాడ గుడికి వోయింది. కొడుకు ఇడుదలైతే కోడెను కడుతనని మొక్కుకున్నదట. మోకాళ్ళు లేత్తలేవు, ఎందుకత్తా ఇప్పుడు అంటే ఇనలే. ఇడుదలైతే అయిండు గదా, దేవుని మొక్కు దేవునికి తీర్సాలె అన్నది.”